దమ్ము వస్తే ఆక్సిజన్ మిషను తేవాలా?

మా ఇంట్లో ఆక్సిజన్ మిషను ఐదు నెలలు ఉండె. ఎందుకు తెచ్చినమో, ఎందుకు వాపసు ఇచ్చినమో నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

షోలాపూర్‌లో చాదర్ల కార్ఖానాలో 34 ఏళ్లు మగ్గం నడిపిన. మా ఇంటామె బీడీలు చుట్టేది. రెండేళ్ల కింద ఆమెకు గుండెపోటు వచ్చింది. ప్రాణం దక్కింది గానీ గుండె బలహీనపడ్డది. కాళ్లు వాచేవి. పడుకుంటే దమ్ము వచ్చేది, రాత్రంతా గోడకు ఆనుకొని కూర్చునేది.

కరోనా రోజుల్లో ఆక్సిజన్ కోసం జనం ఎట్ల తిరిగిండ్రో చూసినవాణ్ణి. అందుకే ఏ డాక్టరునూ అడగకుండా నెలకు 5,000 కిరాయికి మిషను తెచ్చిన. నా పింఛను దానికే చాలలేదు. కొడుకు పగారులోంచి కట్టినం. ఆ ఇబ్బంది చూసి ఆమె నీళ్లు తీసే గోళీని నాకు చెప్పకుండా రోజు విడిచి రోజు వేసుకుంది. "గాలి పెట్టుకుంటున్న గదా, గోళీ ఎందుకనుకున్న" అని తర్వాత చెప్పింది.

ఒక రాత్రి మొఖం ఉబ్బి, మాట రాకుండా అయింది. ఆటోలో దవాఖానకు తీసుకపోయినం. సూదిమందుతో నీళ్లు తీసిండ్రు, ఆక్సిజన్ పెట్టిండ్రు. నాలుగు రోజులకు తేరుకుంది. అప్పుడు డాక్టరమ్మ వేలికి క్లిప్పు పెట్టి చూపించింది. కూర్చుంటే 96, నడిపిస్తే 95.

"కాకా, ఈమె రక్తంలో ఆక్సిజన్ సరిపోను ఉంది. గుండె బలం తగ్గి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, అందుకే దమ్ము. గోళీలు ఆపి గాలి పెడితే ఏం లాభం?" అన్నది. నాకు మగ్గం యాదికొచ్చింది. మోటారు బలం లేనప్పుడు ఎంత నూలు పెట్టినా బట్ట దిగదు. బ్రిటన్‌లో ఇట్లాంటి గుండె రోగులకు ఇంట్లో రోజుకు 15 గంటలు ఆక్సిజన్ పెట్టుకొమ్మని చెప్పి చూసిండ్రట. ఆరు నెలలకు వాళ్ల బతుకులో తేడా రాలేదని 2015లో తేలిందని కూడా చెప్పింది.

మిషను ఎవరికీ వద్దని కాదు. మా పక్కింటి బావకు ఊపిరితిత్తులు పాడై గుండె మీద కూడా భారం పడ్డది. ఊరికే కూర్చున్నా 85 చూపిస్తుంది. మణికట్టు దగ్గర రక్తం తీసి పరీక్ష చేసి, రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకోవాలని డాక్టర్లే రాసిచ్చిండ్రు. ఆయనకు అది అన్నమంత అవసరం.

మిషను ఉన్న ఇంట్లో ఇవి మరువద్దు:
- దగ్గర బీడీ, పొయ్యి, దీపం ఉండొద్దు. ఆక్సిజన్ ఉన్నచోట నిప్పు జల్ది అంటుకుంటది.
- ముక్కుకు నూనె, వాసలీన్ రాయొద్దు.
- డాక్టరు చెప్పినదానికంటే మీటరు ఎక్కువ తిప్పొద్దు.
- కరెంటు పోతే పనికొచ్చే సిలిండరు దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు మా ఇంటామె పొద్దున్నే ఏమీ తినకముందు కాంటా ఎక్కుతుంది. బరువు నేను క్యాలెండరు మీద రాస్త. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే నీరు చేరినట్టే, అదే రోజు దవాఖానకు పోతం. పచ్చడి, పాపడాలు బందు. రొట్టెలోకి పల్లీల కారం ఉప్పు లేకుండా దంచుకుంటుంది. మొదట్లో మొఖం ముడిచింది, ఇప్పుడు అలవాటైంది. గోళీ ఒక్కటి కూడా తప్పనియ్య.

కిరాయి పైసలతో ఇప్పుడు మందులు వస్తున్నయి. మిషను ఉన్నచోట కాంటా పెట్టుకున్నం. తలకింద రెండు దిండ్లు పెట్టుకొని ఆమె రాత్రి నిద్రపోతుంది. మీ ఇంట్లో ఎవరికైనా దమ్ము వస్తే, మిషను దుకాణానికి పోయే ముందు డాక్టరు దగ్గరికి పోండి.