చనుబాలు మాన్పిన పిదప

చెన్నేకొత్తపల్లి ప్రాంతమున బిడ్డకు చనుబాలు మాన్పునపుడు ఆవుపాలును రాగిజావయు అలవాటు చేయుట పరిపాటి. బిడ్డలకది మేలే. కాని లక్షలలో ఒక బిడ్డకు, ఆ మార్పు జరిగిన కొలది వారములకే, నోటిచుట్టును ఆసనముచుట్టును వ్రేళ్ళ కొనలయందును ఎర్రని పుండ్లు లేచును. విరేచనములు పట్టును. వెండ్రుకలు రాలును. దృష్టి తగిలినదని ఒకరు, అమ్మవారని ఒకరు అందురు.

1942లో నార్వే వైద్యులు డాన్‌బోల్ట్, క్లాస్ అనువారు ఈ వ్యాధికి ఆక్రోడెర్మటైటిస్ ఎంటెరోపతికా అని పేరిడిరి. పేరు దొరకినది గాని కారణము దొరకలేదు. 1973లో లండనులో బార్న్స్, మొయ్‌నహాన్ అను వైద్యులు ఒక రోగిబాలిక రక్తమున జింకు మిక్కిలి తగ్గియుండుట గమనించి, దానిని నోటిద్వారా ఇచ్చిరి. పుండ్లు మానినవి.

పెద్దవాని దేహమంతటను జింకు సుమారు రెండు గ్రాములే. అయినను కణములు విభజన చెందుటకు అది లేక గడవదు. కనుకనే నిత్యము క్రొత్తగా పుట్టవలసిన చర్మము, పేగుపొర, వెండ్రుకలు ముందుగా దెబ్బతినును. ఈ బిడ్డల పేగులో జింకును లోనికి గొనిపోవు ద్వారము పుట్టుకతోనే చెడియుండును. ఆ జన్యువును 2002లో గుర్తించిరి. తల్లిపాలలోని జింకు సులభముగా జీర్ణమగును. ఆవుపాలలోని కేసీను, రాగులలోని ఫైటేటు దానిని పట్టి విడువవు. చనుబాలు త్రాగినన్నాళ్ళు వ్యాధి దాగియుండుటకు కారణమిదియే.

నూరు మిల్లీలీటర్ల రక్తద్రవమున జింకు సాధారణముగా 70 మైక్రోగ్రాములకు పైబడి యుండును. ఈ రోగులలో తరచుగా 50కి లోబడును. అయితే జ్వరము వచ్చినను ఈ అంకె తగ్గును. రక్తమును పట్టిన గొట్టపు రబ్బరు బిరడానుండి జింకు కలిసినచో పెరుగును. అంకెనొక్కదానినే నమ్మరాదు.

విరేచనములకు ఆరోగ్యకేంద్రములలో ఇచ్చు జింకు బిళ్ళలు తల్లులెరిగినవే. అవి పదునాలుగు దినముల వైద్యము. ఈ వ్యాధికిని అదియే మందు. కాని గడువు వేరు. కొలది దినములలోనే చర్మము తేరుకొనును. చూచి మురిసి తల్లి మందు మానినచో వ్యాధి మరల తిరుగబెట్టును. మందు జీవితాంతము వాడవలసినదే, అదియును వైద్యుడు చెప్పిన మోతాదున. జింకు మితిమీరినచో రక్తమున రాగిలోహము తగ్గిపోవును గనుక దానిని కూడ అప్పుడప్పుడు పరీక్షింపవలయును.

తల్లియు తండ్రియు చెరియొక దోషజన్యువును మోయుచు, తాము మాత్రము ఆరోగ్యముగనే యుందురు. మేనరికములలో ఇట్టి కలయికకు అవకాశము హెచ్చు. (మేనరికములను నిందించుట నా యుద్దేశము కాదు, మా యింటను కలవు.) ప్రతి కాన్పునను నాలుగింట ఒక వంతు భయము ఉండును. కావున ఇంట ఒక బిడ్డకు ఈ వ్యాధి తేలినచో, తరువాతి బిడ్డకు పాలు మాన్పుటకు ముందే ఆ సంగతి వైద్యునికి చెప్పవలయును.