అద్దె ట్రాక్టరుపై తరుగుదల: సాగు వ్యయ లెక్క, ఆదాయపు పన్ను లెక్క

సాగు వ్యయాన్ని అంచనా వేసేటప్పుడు యంత్ర పరికరాల తరుగుదలను స్థిర వ్యయంగా లెక్కించటం వ్యవసాయ విద్యార్థులందరికీ పరిచితమైన విషయమే. వ్యవసాయ వ్యయ, ధరల కమిషన్ వాడే ఎ1 వ్యయంలోనూ ఇది భాగమే. అయితే ట్రాక్టరు సొంత పొలం దాటి ఇతరుల పొలాలలో అద్దెకు తిరగటం మొదలైనప్పుడు ఇదే పదం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం మరో అర్థాన్ని సంతరించుకుంటుంది. ఈ రెండింటినీ ఒకటిగా భావించటం వల్ల అద్దె యంత్ర కేంద్రాలకు రెండు విధాల నష్టం కలుగుతుంది. చట్టం ఇచ్చిన మినహాయింపు చేజారవచ్చు. లేదా అద్దె ధర తక్కువగా నిర్ణయమై, యంత్రం అరిగిపోయేనాటికి కొత్తది కొనేందుకు నిధి మిగలకపోవచ్చు.

వ్యాపార వినియోగం అంటే ఏమిటి?

ఆదాయపు పన్ను చట్టం, 1961లోని సెక్షన్ 10(1) ప్రకారం వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. కనుక సొంత సాగుకు మాత్రమే వాడే ట్రాక్టరుపై పన్ను మినహాయింపు కోరే సందర్భం రాదు. ఇతరుల పొలం దున్నినందుకు, ట్రాలీతో ఇసుక, ఇటుకలు చేరవేసినందుకు వచ్చే అద్దె మాత్రం వ్యవసాయ ఆదాయం కాదు, వ్యాపార ఆదాయం. సెక్షన్ 32 కింద దానిపై తరుగుదల పొందడానికి రెండు షరతులున్నాయి. యంత్రంపై పూర్తిగా గాని, పాక్షికంగా గాని యాజమాన్యం ఉండాలి. దానిని ఆ సంవత్సరంలో వ్యాపారానికి వినియోగించి ఉండాలి.

ఒకే ట్రాక్టరు రెండు పనులకూ వాడితే వ్యాపార వినియోగానికి తగిన నిష్పత్తిలోనే తరుగుదల లభిస్తుంది. ఏడాదిలో 1,000 గంటలు నడిచిన ట్రాక్టరు 600 గంటలు అద్దెకు తిరిగితే తరుగుదలలో 60 శాతం మాత్రమే వ్యాపార లెక్కలోకి వస్తుంది. ఈ నిష్పత్తికి ఆధారం తేదీ, గంటలు, రైతు పేరు, చేసిన పని, వసూలైన అద్దె నమోదైన లాగ్ పుస్తకమే.

ఏ విలువపై, ఏ రేటున?

తరుగుదల లెక్కకు మూలం యంత్రపు వాస్తవ వ్యయం. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, ప్రభుత్వ రాయితీగా భరించిన మొత్తాన్ని ధర నుండి తీసివేయాలి. రెండవది, ఒక వ్యక్తికి ఒకే రోజులో 10,000 రూపాయలకు మించి నగదుగా చెల్లిస్తే ఆ మొత్తం వాస్తవ వ్యయంలో చేరదు. అందువల్ల పరికరాల కొనుగోలును బ్యాంకు ద్వారానే జరపటం మేలు.

సాధారణ యంత్రాలకు, కార్లకు రేటు 15 శాతం. అద్దెకు నడిపే లారీలు, బస్సులు, టాక్సీలకు 30 శాతం. ట్రాక్టరును సాధారణంగా 15 శాతం వర్గంలోనే చూపుతారు. కొన్న సంవత్సరంలో వినియోగం 180 రోజుల కంటే తక్కువైతే సగం రేటే వర్తిస్తుంది.

ఉదాహరణకు 10 లక్షల రూపాయల ట్రాక్టరు, పరికరాలకు 40 శాతం రాయితీ లభించిందనుకుంటే వాస్తవ వ్యయం 6 లక్షలు. పూర్తిగా అద్దెకే వాడితే తగ్గుతున్న నిల్వల పద్ధతిలో మొదటి ఏడాది తరుగుదల 90,000, రెండవ ఏడాది 76,500, మూడవ ఏడాది 65,025 రూపాయలు. రబీ చివరలో కొని 180 రోజులు నిండకపోతే మొదటి ఏడాది 45,000 మాత్రమే. రుణంపై వడ్డీని వేరుగా ఖర్చు రాయవచ్చు. అసలు వాయిదాలను మాత్రం ఖర్చుగా చూపరాదు.

చిన్న అద్దెదారులు సెక్షన్ 44ఎడి కింద, వార్షిక వసూళ్లు 2 కోట్ల లోపు ఉంటే, వాటిలో 8 శాతాన్ని (డిజిటల్ వసూళ్లపై 6 శాతాన్ని) లాభంగా ప్రకటించవచ్చు. అప్పుడు తరుగుదలను విడిగా కోరే వీలుండదు. అది ఇచ్చినట్లే పరిగణించి యంత్రం విలువను ఏటా తగ్గిస్తారు. ఈ సౌలభ్యం వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు, భాగస్వామ్య సంస్థలకే గాని రైతు ఉత్పత్తిదారుల కంపెనీలకు లేదు. కంపెనీలు పూర్తి ఖాతాలు నిర్వహించవలసిందే.

ఇక్కడి సెక్షన్లు, రేట్లు 1961 చట్టానికి సంబంధించినవి. ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలు తేదీ 2026 ఏప్రిల్ 1 కనుక, ఆపైన వచ్చే ఆదాయానికి కొత్త చట్టాన్ని పరిశీలించాలి.

అద్దె ధరకు ఏ తరుగుదల?

పన్ను లెక్క ప్రభుత్వానికి చెల్లించవలసిన మొత్తాన్ని నిర్ణయిస్తుంది. యంత్రాన్ని తిరిగి కొనగలమా అన్న ప్రశ్నకు అది సమాధానం ఇవ్వదు. పై ఉదాహరణలోనే స్థిర వాయిదాల పద్ధతిని అనుసరించి, ఆయుర్దాయం 10 సంవత్సరాలు, అవశేష విలువ లక్ష రూపాయలుగా తీసుకుంటే పూర్తి ధరపై వార్షిక తరుగుదల 90,000. ఏటా 1,000 గంటల పనికి గంటకు 90 రూపాయలు. రాయితీ పోగా మిగిలిన 6 లక్షలపైనే లెక్కిస్తే గంటకు 50 రూపాయలే. గంటకు 40 రూపాయల ఈ తేడా పదేళ్లలో 4 లక్షలవుతుంది. అది సరిగ్గా రాయితీ మొత్తమే. తక్కువ అంకెతో అద్దె నిర్ణయించిన కేంద్రం పదేళ్ల తరువాత మళ్లీ రాయితీ కోసం ఎదురుచూడక తప్పదు. అప్పటికి ధరలు పెరిగితే లోటు మరింత పెరుగుతుంది.

వినియోగ గంటల ప్రభావం ఇంతకంటే తీవ్రమైనది. అదే ట్రాక్టరు ఏటా 500 గంటలే నడిస్తే పూర్తి ధరపై తరుగుదల భారం గంటకు 180 రూపాయలకు చేరుతుంది. డీజిలు, డ్రైవరు కూలి, మరమ్మతులు మాత్రమే చూసి నిర్ణయించిన అద్దె ఈ భారాన్ని మోయలేదు. చేతిలో నగదు కనిపిస్తున్నా కేంద్రం తన మూలధనాన్ని తానే తింటున్నట్లవుతుంది.

తరుగుదల చేతినుండి బయటకు పోయే ఖర్చు కాదు కనుక దానికి సమానమైన మొత్తాన్ని ప్రతి సీజను చివర ప్రత్యేక బ్యాంకు ఖాతాలో జమచేసే అలవాటును కేంద్రాలకు నేర్పటం అవసరం. విస్తరణ శాస్త్రవేత్తలు శిక్షణ కార్యక్రమాలలో యంత్రం నడిపే మెళకువలతో పాటు కొనుగోలు బిల్లు, రాయితీ మంజూరు పత్రం, లాగ్ పుస్తకం భద్రపరచటాన్ని కూడా బోధించాలి. పన్ను రిటర్ను దాఖలు చేసే పని చార్టర్డ్ అకౌంటెంటుదే అయినా, ఆయన ముందు ఉంచవలసిన ఆధారాలు పుట్టేది పొలం గట్టు మీదనే.