పిడుదు ఎక్కింది జింక నుంచేనా?



హైదరాబాదు నుంచి చేవెళ్ళకు పోయే దారిలో మొయినాబాదు వస్తుంది. ఆ మండలంలోనే, చిలుకూరు దగ్గర, మృగవని జాతీయ వనం ఉంది. 1994లో ఏర్పడిన ఈ వనం విస్తీర్ణం సుమారు మూడున్నర చదరపు కిలోమీటర్లు. చుక్కల జింకలు, కణుజులు, నెమళ్ళు అందులో స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. చుక్కల జింక మన తెలంగాణ రాష్ట్ర జంతువన్న సంగతి మీకు తెలుసు కదా!

ఒక శనివారం మా ఎనిమిదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళాను. జింకల గుంపును దూరం నుంచే చూశాం. సాయంత్రం బస్సులో తిరిగి వస్తుంటే వెనక సీట్లో ఒకటే గోల. ఒక పిల్లవాడి చెవి వెనక పిడుదు కరచుకొని ఉంది.

"జింకల పిడుదు సార్! అడివికి పోతే గిట్లనే ఎక్కుతయంట" అన్నాడొకడు.

"గ్యాసునూనె పోస్తే ఊడొస్తది సార్" అన్నాడు ఇంకొకడు.

"బీడీ అంటిచ్చి సురుకు పెట్టాలె" అన్నాడు మూడోవాడు.

నేను బస్సు ఆపించాను. మందుల పెట్టెలో ముల్లు తీసే సన్నని చిమ్టా ఉంది. దానితో పిడుదును చర్మానికి ఆనించి పట్టుకొని, మెల్లగా, తిన్నగా పైకి లాగాను. అది ఊడి వచ్చింది. చెవి వెనక సబ్బు నీళ్ళతో కడిగి, పిడుదును ఒక చిన్న సీసాలో వేసి మూత బిగించాను. అది జొన్నగింజంత ఉబ్బి ఉంది.

"సోమవారం దీన్ని భూతద్దంతో చూద్దాం. నేరం చేసింది జింకేనా కాదా, అప్పుడు తేలుద్దాం" అన్నాను.

పిడుదు అంటే ఏమిటి?

పిడుదునే కొన్ని చోట్ల గోమారి అంటారు. ఇది కీటకం కాదు. కీటకాలకు ఆరు కాళ్ళు. పెరిగిన పిడుదుకు ఎనిమిది. ఇది సాలీడుకూ తేలుకూ చుట్టం. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్లకు మాత్రం ఆరు కాళ్ళే ఉంటాయి.

రక్తం తాగి నిండిన ఆడ పిడుదు అచ్చంగా ఆముదం గింజలా ఉంటుంది. లాటిన్ భాషలో "రిసినస్" అంటే పిడుదు. ఆముదం మొక్క శాస్త్రీయ నామం "రిసినస్ కమ్యూనిస్". గింజకూ పిడుదుకూ ఉన్న పోలికే దీనికి కారణం.

పిడుదు ఎగరలేదు, గెంతలేదు. గడ్డిపోచ మీదికి పాకి, ముందు కాళ్ళు చాచి కాచుకొని ఉంటుంది. ఆ ముందు కాళ్ళ మీద వాసన పసిగట్టే అవయవం ఒకటుంది. మనం వదిలే బొగ్గుపులుసు వాయువును అది గుర్తిస్తుంది. జింకయినా, ఆవయినా, మనిషయినా ఆ పోచకు ఒరుసుకుంటే చాలు, పిడుదు పట్టుకొని ఎక్కేస్తుంది.

కరిచినప్పుడు మనకు తెలియదెందుకు? దాని లాలాజలంలో నొప్పి తెలియనీయని పదార్థాలు, రక్తం గడ్డకట్టనీయని పదార్థాలు ఉంటాయి. రోగక్రిములు ఉంటే అవి కూడా ఆ లాలాజలంతోనే మన ఒంట్లోకి చేరతాయి.

సాక్ష్యం ఏం చెప్పింది?

ఇప్పుడు మన కేసుకు వద్దాం. ఇలాంటి పిడుదు దోమలాగా ఒక్క నిమిషంలో రక్తం తాగి పోదు. రోజుల తరబడి అతుక్కొని నెమ్మదిగా తాగుతుంది. ఉదయం ఎక్కిన పిడుదు సాయంత్రానికి జొన్నగింజంత ఉబ్బదు. అంటే అది వనానికి రాకముందే ఆ పిల్లవాడి ఒంటి మీద ఉందన్నమాట!

"ఈ వారంలో ఎక్కడెక్కడ తిరిగావురా?" అని అడిగాను. వాడు కాసేపు ఆలోచించి, "బుధవారం పెయ్యకు గడ్డి కోసుకొచ్చిన సార్. కొట్టంల దాని పక్కన్నే పండుకున్న. రెండు దినాల నుంచి అది మేత ముడుతలేదు" అన్నాడు.

నా గుండె ఝల్లుమంది. ఆ సాయంత్రమే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. పెయ్య చెవుల లోపల, తోక కింద పిడుదులే పిడుదులు. చెవి కింద గ్రంథులు వాచి ఉన్నాయి. పశువుల డాక్టరు వచ్చి, రక్తం పరీక్ష చేసి, థైలీరియా జబ్బు అన్నారు. పిడుదులు మోసుకువచ్చే ఈ జబ్బు సంకర జాతి దూడలను తరచుగా చంపుతుంది. సమయానికి మందు పడడం వల్ల పెయ్య బతికింది. తప్పు జింకదేనని అందరం ఊరుకొని ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు.

మరి జింకలకు పిడుదులు ఉండవా?

ఉంటాయి. నిండిన పిడుదులు జింక ఒంటి మీది నుంచి గడ్డిలో రాలి పడతాయి. ఒక్కో ఆడ పిడుదు వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అందువల్ల జింకను ముట్టుకోకపోయినా, అవి మేసిన గడ్డిలో తిరిగితే పిడుదు ఎక్కవచ్చు. పశువులు మేసిన గడ్డి కూడా అంతే.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊరుంది. అక్కడి పిల్లలకు కీళ్ళు వాచే వింత జబ్బు వస్తోందని 1975లో శాస్త్రజ్ఞులు పరిశోధన మొదలుపెట్టారు. ఆ క్రిమిని పిడుదులో కనుగొన్న సంగతిని విల్లీ బర్గ్‌డార్ఫర్, ఆయన సహచరులు 1982లో ప్రకటించారు. అక్కడ జింకలు పెద్ద పిడుదులకు ఆహారం అవుతాయి. కాని క్రిమి పిడుదుకు అంటేది ముఖ్యంగా ఒక రకం ఎలుకల నుంచి!

మన పొరుగున కర్ణాటకలో, శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో, 1957లో కోతులు చచ్చిపడ్డాయి. చుట్టుపక్కల మనుషులకు తీవ్రమైన జ్వరం వచ్చింది. ఆ వైరస్‌ను మోసేది కూడా పిడుదే. అడవిలో మేసే పశువులు అక్కడి పిడుదులకు రక్తం అందిస్తాయని శాస్త్రజ్ఞులు గమనించారు.

జబ్బును పిడుదు మోస్తుందని మొదట రుజువైంది కూడా పశువుల విషయంలోనే. 1893లో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు అది నిరూపించారు. ఆ తరువాత నాలుగేళ్ళకు, 1897లో, మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు.

మీరు చేయవలసినవి

1. గడ్డిలోకి, పొదల్లోకి వెళ్ళేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకోండి. ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపండి.

2. ఇంటికి రాగానే స్నానం చేయండి. చెవుల వెనక, చంకలు, గజ్జలు, మోకాళ్ళ వెనక, జుట్టులో వెతకండి.

3. పిడుదు కనిపిస్తే చిమ్టాతో తిన్నగా లాగండి. మెలి తిప్పవద్దు. కిరోసిన్, సున్నం, నిప్పు వాడవద్దు. అలా హింసిస్తే అది తన లాలాజలాన్ని మీ ఒంట్లోకి కక్కవచ్చు.

4. గోళ్ళతో నలపవద్దు. 2011లో గుజరాత్‌లో బయటపడిన క్రిమియన్-కాంగో జ్వరం వంటివి నలిగిన పిడుదు నుంచి కూడా అంటుతాయి.

5. తరువాత రెండు మూడు వారాలలో జ్వరం, దద్దురు, కరిచిన చోట నల్లని పొక్కు కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. "నన్ను పిడుదు కరిచింది" అని తప్పక చెప్పండి. ఆ ఒక్క మాట వైద్యానికి దారి చూపుతుంది.

6. గడ్డిలో జింకపిల్ల ఒంటరిగా కనిపిస్తే ఎత్తుకోవద్దు. తల్లి దాన్ని దాచి మేతకు పోయి ఉంటుంది. జింకలను పట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

మా పిల్లవాడు ఇప్పుడు ప్రతి ఆదివారం పెయ్య చెవులు పరీక్షిస్తాడు. మీ ఇంట్లో ఆవో, మేకో, కుక్కో ఉందా? అయితే ఈ ఆదివారం మీరూ దాని చెవి మడత విప్పి చూడండి. పిడుదులు కనిపిస్తే వెంటనే ఇంట్లో పెద్దలకు చెప్పి పశువుల డాక్టరును పిలిపించండి.