పెరట్లో గాడిపొయ్యి

అమ్మడూ, నిన్న మధ్యాహ్నం మీ సైటు అరగంట మొరాయించిందన్నావు. జెంకిన్స్‌ కూడా ఆ సర్వర్ మీదే నడుస్తోందన్నావు. రాత్రి నిద్రపట్టేదాకా అదే ఆలోచన నాకు.

మా అక్క పెళ్లికి పెరట్లో గాడి తవ్వించి గుండిగలు ఎక్కించారు. వంటింటి పొయ్యి మాత్రం పసిపిల్లల పాలకీ, ముసలివాళ్ల పథ్యానికీ వదిలేశారు. అయిదొందల మందికి పప్పు అక్కడే ఉడకేస్తే పాలు కాగేదెప్పుడు?

మీ సంగతీ అదే. ఎవరు కోడ్ మార్చి చేర్చినా వెంటనే మొత్తం బిల్డ్ చేసి, టెస్టులన్నీ నడపడమేగా కంటిన్యువస్ ఇంటిగ్రేషన్, జెంకిన్స్ చేసే పని అదే! ఆ కాసేపూ ప్రాసెసరూ మెమరీ అదే మింగేస్తుంది. ఇంకో భయం ఉంది. చాలా టెస్టులు డేటాబేస్‌ను ఖాళీ చేసుకుని మొదలవుతాయి. ఒకే మెషీన్లో డేటాబేస్ చిరునామా ఒక్కటి తారుమారైతే అసలు ఖాతాలే తుడిచిపెట్టుకుపోతాయి తల్లీ.

ఈ జెంకిన్స్‌ను సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేస్తూ కొహ్‌సుకే కవాగుచి 2004లో హడ్సన్ అన్న పేరుతో మొదలుపెట్టాడు. సన్‌ను కొన్న ఒరాకిల్‌తో పేరు పేచీ వచ్చి 2011లో జెంకిన్స్ అయింది. అందులో పనులు పంచే కంట్రోలర్ మన ఉగ్రాణం లాంటిది, బిల్డులు నడిపే ఏజెంట్లు గాడిపొయ్యిలు. ఉగ్రాణం తాళంచెవి మా అమ్మ కొంగున ఉండేది. వంటవాళ్లకి ఏ పూటకి ఎంత కావాలో అంతే కొలిచి ఇచ్చేది. పాస్‌వర్డులూ కీలూ ఉండే కంట్రోలర్ మీద బిల్డ్ నడిపితే, ఇంటర్నెట్ నుంచి దిగిన ఏ లైబ్రరీ అయినా వాటిని తొంగి చూడగలదు. అందుకే అక్కడ ఎగ్జిక్యూటర్ల సంఖ్య, అంటే ఒకేసారి నడపగల బిల్డుల సంఖ్య, సున్నా చెయ్యాలి. మొదట్లో అది 2 ఉంటుంది, మార్చడం చాలామంది మరిచిపోతారు.

2020 డిసెంబరులో బయటపడిన సోలార్‌విండ్స్ కంపెనీ ఉదంతం చూడు. దొంగలు బిల్డ్ మెషీన్లో దూరి, వాళ్ల ఒరాయన్ సాఫ్ట్‌వేర్ తయారవుతున్న క్షణంలోనే ఒక సోర్స్ ఫైలు మార్చేశారు. దినుసులన్నీ మంచివే, విషం కలిసింది గుండిగలో. పైన కంపెనీ సొంత సంతకం ఉండటంతో ఎవరూ అనుమానించలేదు. 18,000 దాకా సంస్థలకు అది చేరింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది నాకు.

గుండిగ ప్రతిసారీ తోమాలి కూడా. ప్రతి బిల్డ్‌కీ కొత్త డాకర్ కంటైనర్ తెరిచి, అయ్యాక పారేస్తే నిన్నటి మిగులు ఇవాళ్టి ఫలితంలో కలవదు. “నా లాప్‌టాప్‌లో పనిచేసిందే!” అన్న గొడవా ఉండదు.

మీది చిన్న జట్టే కదా, కంట్రోలర్‌కి 4 జీబీ ర్యామ్, 50 జీబీ డిస్కు ఉన్న మెషీన్ చాలు. పాత బిల్డులు వాటంతటవే చెరిగిపోయేలా పెట్టు, లేకపోతే డిస్కు నిండి ఓ రోజు అన్నీ ఆగిపోతాయి. జెంకిన్స్ 8080 పోర్టు ఆఫీసు నెట్‌వర్క్ దాటి బయటికి తెరవకు. సోమవారం మీ మేనేజర్ని జెంకిన్స్‌కి వేరే మెషీన్ అడగబోయేముందు నిన్నటి అరగంట లాగ్ తీసి, బిల్డ్ ఏ నిమిషంలో మొదలైందో, సైటు ఏ నిమిషంలో మొరాయించిందో పక్కపక్కన రాసుకుని వెళ్లు.