అట్ట చెప్పిన అబద్ధాలు

'పైన పటారం, లోన లొటారం' అనే సామెత మనకు సుపరిచితమే. పైకి ఆడంబరంగా కనిపిస్తూ లోపల సారం లేనివాటిని గురించి పెద్దలు ఈ మాట అంటారు. అయితే గ్రంథలోకంలో ఈ సామెత తలకిందులైన సందర్భాలు కూడా ఉన్నాయి. లోపల అమూల్యమైన కథ, పైన నవ్వు పుట్టించే బొమ్మ! ఇంగ్లండు, అమెరికా దేశాలలో వైజ్ఞానిక కల్పనలకు, అద్భుత గాథలకు వేసిన కొన్ని ముఖచిత్రాలు ఇందుకు చక్కని నిదర్శనాలు.

1926 ఏప్రిల్‌లో న్యూయార్క్ నగరంలో హ్యూగో గెర్న్స్‌బాక్ 'అమేజింగ్ స్టోరీస్' అనే మాసపత్రికను ప్రారంభించాడు. ఆంగ్లంలో వైజ్ఞానిక కల్పనలకే అంకితమైన తొలి పత్రిక ఇదే. ఫ్రాంక్ ఆర్. పాల్ అనే చిత్రకారుడు దానికి కళ్ళు చెదిరే రంగులతో ముఖచిత్రాలు వేశాడు. ఆ ఏడాది డిసెంబరు సంచికలో పత్రికవారు ముందుగా ఒక ముఖచిత్రాన్ని ముద్రించి, దానికి తగిన కథ రాయవలసిందిగా పాఠకులను కోరారు. బహుమతుల మొత్తం 500 డాలర్లు. 'ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అన్నట్లు, కథ పుట్టకముందే దానికి బొమ్మ సిద్ధమైపోయిందన్నమాట!

తరువాతి రెండు దశాబ్దాలలో ఇటువంటి పత్రికలు అనేకం వెలువడ్డాయి. వాటి ముఖచిత్రాలలో ఒక దృశ్యం పదే పదే కనిపించేది. అంతరిక్షంలో నాయకుడు ఆపాదమస్తకం రక్షణ కవచం ధరించి ఉంటాడు. పక్కనే నాయిక ఈతదుస్తులవంటి లోహపు తొడుగులతో నిలిచి ఉంటుంది. గాలి లేని శూన్యంలో కవచం లేని మనిషి పది పదిహేను సెకన్లలో స్పృహ కోల్పోతాడని శాస్త్రం చెబుతున్నది. ఈ నాయికకు మాత్రం జలుబైనా చేయదు. ఇక గుడ్లు మిటకరించిన గ్రహాంతర భూతం సంగతి చెప్పనక్కరలేదు. కోటానుకోట్ల మైళ్ళు దాటి అది వచ్చింది ఆమెను చంకన పెట్టుకొని పోవడానికేనా అని మనకు సందేహం కలుగుతుంది. అద్భుత గాథల వీరుడు ఇంకొక వింత. మంచుకొండ మీద గోచీ మాత్రమే ధరించి, తనకంటె పొడవైన ఖడ్గాన్ని ఒంటిచేత్తో ఎత్తి నిలబడతాడు. కండలే అతనికి కంబళి!

ఇటువంటి పొరపాట్లు మహారచయితలను కూడా విడిచిపెట్టలేదు. టోల్కీన్ రచించిన 'ది హాబిట్' నవలకు 1965లో అమెరికాలో వచ్చిన ప్రతి మీద ఒక సింహం, రెండు ఈము పక్షులు, గులాబీరంగు ఉండలు వేలాడే చెట్టు దర్శనమిచ్చాయి. కథలో వాటికి చోటే లేదు. సింహానికీ తన కథకూ సంబంధమేమిటని ఆయన తన ప్రచురణకర్తకు లేఖ రాశాడు. చిత్రకారిణి బార్బరా రెమింగ్టన్‌కు ఆ పుస్తకం చదివే వ్యవధి దొరకలేదు. తరువాత టోల్కీన్ రచనలు చదివి ఆమె ముగ్ధురాలయింది. మలి ముద్రణలలో సింహాన్ని తొలగించారు. పాపం, ఈము పక్షులు మాత్రం మిగిలిపోయాయి!

దీనిని బట్టి దోషం చిత్రకారులది మాత్రమే కాదని గ్రహించవచ్చు. అంగడిలో వందల పుస్తకాల నడుమ క్షణకాలంలో కొనుగోలుదారు చూపును ఆకర్షించాలని ప్రచురణకర్త ఆరాటపడతాడు. బొమ్మను త్వరగా ఇమ్మంటాడు. ఆ తొందరలో కథ వెనుకబడి, వ్యాపారం ముందుకు వస్తుంది.

సింహం బొమ్మ చూసి నవ్వుకొని ఊరుకోవచ్చు. కాని అన్ని అబద్ధాలూ నవ్వి విడువదగినవి కావు. 1968లో అర్సులా లెగ్విన్ 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' అనే నవల ప్రచురించింది. అందులోని కథానాయకుడు గెడ్ ఎరుపు కలిసిన గోధుమవన్నె శరీరం కలవాడు. శ్వేతజాతివారే వీరులు కావాలన్న అలవాటును కాదని ఆమె బుద్ధిపూర్వకంగానే అతనిని అలా తీర్చిదిద్దింది. అయినా పలు ముద్రణల అట్టల మీద గెడ్ తెల్లవాడుగానే కనిపించాడు. ఆమె ఏళ్ళ తరబడి దీనిని నిరసించింది. తన వంటి వీరుణ్ణి వెతుక్కుంటూ వచ్చిన బాలునికి ఆ అట్ట తలుపు మూసివేసింది కదా!

ఈ తలుపు తెరిపించే శక్తి పాఠకులకు ఉన్నది. 2009లో జస్టిన్ లార్బలెస్టియర్ రచించిన 'లయర్' నవల విడుదలకు సిద్ధమైనప్పుడు, నల్లజాతి మూలాలు గల నాయికకు బదులు అమెరికా ప్రతి అట్ట మీద శ్వేతజాతి యువతి ఛాయాచిత్రం వేశారు. పాఠకులు ఎలుగెత్తి ప్రశ్నించగా, పుస్తకం వెలువడక ముందే ఆ అట్టను మార్చివలసి వచ్చింది.

గోచీ వీరుణ్ణి చూసి ఎవరైనా నవ్వగలరు. కాని సింహాన్ని చూసి నవ్వాలన్నా, గెడ్ మేనిఛాయను చూసి బాధపడాలన్నా ముందు ఆ పుస్తకం చదివి ఉండాలి. అట్ట చెప్పిన అబద్ధాన్ని పట్టుకోగలిగినవాడు అట్ట దాటి లోపలికి వెళ్ళినవాడే. కాబట్టి ఈసారి గ్రంథాలయంలో విడ్డూరమైన బొమ్మ ఏదైనా కంటబడితే హాయిగా నవ్వుకోండి. నవ్వుకొని, ఆ పుస్తకాన్ని అక్కడే వదలివేయకుండా మొదటి పుట తెరవండి.