ఏడవబాక అనబాకండి

మాది మనుబోలు. 2015 నవంబర్ వానలకి ఇక్కడ హైవే మీదకి నీళ్లొచ్చి బండ్లు ఆగిపోయిన సంగతి ఈ పక్క పిల్లకాయలకి గుర్తుండే ఉంటది. ఆ నీళ్లలోనే మా కౌలు కయ్యల నారుమళ్లు కొట్టుకపొయ్యాయి. అప్పు మిగిలింది. రెండేళ్లకి నాయన గుండెపోటుతో పొయ్యాడు. ఆ ఏడు మా ఇంటికి క్రిస్మస్ స్టార్ కట్టలేదు.

వచ్చినోళ్లంతా అమ్మతో ఒకటే మాట: "ఏడవబాకమ్మా, దేవుడి చిత్తం." ప్రేమతోనే అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎప్పుడూ సంతోషంగా ఉండమని బైబిలు చెప్తుందంట. కయ్య పోయి, నాయన పోయి, ఎట్టా ఉండేది సంతోషంగా?

చాన్నాళ్లకి ఆ మాట ఉండే ఫిలిప్పీయుల పత్రిక నేనే కూర్చోని చదివినా. నాలుగే అధ్యాయాలు. అది రాసేటప్పుడు పౌలు సంకెళ్లలో ఉండాడు. బతుకుతాడో చస్తాడో ఆయనకే తెలీదు. అంతకుముందు అదే ఫిలిప్పీ ఊర్లో ఆయన్ని బెత్తాలతో కొట్టి జైల్లో వేస్తే, నడిరాత్రి పాటలు పాడినాడు. అంటే ఇది కడుపు నిండినోడు చెప్పిన సలహా కాదు.

ఇంకోటి. లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చినాడు. కాసేపట్లో లేపబోతా కూడా ఏడ్చినాడు. కీర్తనల గ్రంథంలో దేవుణ్ణి నిలదీసే ఏడుపులు ఎన్నో. కాబట్టి ఏడిస్తే విశ్వాసం తక్కువైనట్టు కాదు.

మా అమ్మ ఇవేం చదవకుండానే తెలుసుకునింది. నాలుగో నెలలో మళ్లీ ఆడోళ్లతో కలిసి కూలికి బయల్దేరింది. ఆదివారం చర్చిలో పాట అందుకునింది. మధ్యలో గొంతు పూడకపోతే పక్కనుండే అక్క ఆ చరణం పూర్తి చేసింది. "బాధ పోయిందామ్మా?" అని అడిగినా.

"యాడికి పోద్ది అబ్బయ్యా? అది ఉంటది. పొద్దున లేస్తానే, ఈ పూట దేవుడిచ్చింది ఏదో ఒకటి ఎతుక్కుంటా. అంతే."

సంతోషాన్ని ఎంచుకోవడం అంటే ఇదే. బాధని దాచి నవ్వడం కాదు. బాధ పక్కనే ఉన్నా, ఈ పూటకి లేచి నిలబడటం.

అయితే ఒంటరిగా ఎవురూ నిలబడలేరు. మన జిల్లాల చరిత్రే చూడండి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలవ తవ్వే కాంట్రాక్టు తీసుకోని ఆకలితో ఉండేవోళ్లకి కూలి పని చూపించినాడు. కూటికోసం మతంలోకి వచ్చినారనే మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేసినాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందు పని, గంజి. ఆ తర్వాతే పాట.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎవురింట్లోనైనా చావొస్తే వాక్యం చెప్పేముందు క్యారేజీలో అన్నం తీసకపోండి. పక్కన కూర్చోండి. ఏడవనీండి. వారాలు గడిచినా నిద్ర, తిండి లేకుండా ఉంటే, చచ్చిపోవాలనిపిస్తుంటే డాక్టరు దగ్గరికి తీసకపోండి. టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ప్రార్థన చేసేవోళ్లు డాక్టరు దగ్గరికి పోతే విశ్వాసం తగ్గిపోదు.

మరుసటేడు స్టార్ నేనే కట్టినా. కడతా ఏడ్చినా. కింద నిలబడి అమ్మ నిచ్చెన పట్టుకోనింది. "ఏడవబాక" అని మాత్రం అనలేదు.