సంఘసేవలో మన పాలు

ఆదివారమున దేవాలయమునకు పోయి, పాట పాడి, ప్రసంగము విని, కానుక వేసి ఇల్లు చేరుటతో తమ విధి తీరినదని తలంచువారు ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల క్రైస్తవ సంఘములలో పెక్కురు గలరు. రోగిని చూడవలె నన్నను, బిడ్డలకు పాఠము చెప్పవలె నన్నను అయ్యగారే పోవలెను. ఒక్కని భుజములపై మోపిన సంఘ మెంతకాలము నిలుచును?

మన కొల్లేటిని చూడుడు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు దానిలోనికి నీరు తెచ్చును; ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు గొనిపోవును. ఉప్పుటేరు పూడినచో లంకగ్రామములు మునుగును. వినుటయే గాని చేయుట లేని భక్తియు నట్టిదే.

ఈ సత్యమును చక్కగా గ్రహించి యాచరణమున పెట్టినవారు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. ఆయన 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘమున ప్రథమ భారతీయ బిషప్పుగా, 1945 జనవరి 1న మరణించువరకు దోర్నకల్ అధ్యక్ష మండలమును పాలించిరి. చర్చి మిషనరీ సొసైటీ వారు 1854లో ఏలూరున ఆరంభించిన సేవయు కాలక్రమమున ఆ మండలమున చేరినది. అందలి విశ్వాసులలో పెక్కురు అంటరానివారని ఊరి వెలుపల నుంచబడిన కూలిజనము. అక్షరములు రాని వీరేమి చేయగలరని ఆయన తలంపలేదు. బాప్తిస్మము పొందిన ప్రతివారును సాక్షియే యని బోధించి, ఆ దినముననే తలపై చేయి నుంచుకొని సువార్త ప్రకటింతునని పలికించెడివారు. ఏటేట సాక్ష్యవారమును జరిపించెడివారు. రూకలు లేనివారు ధాన్యమును, కోళ్లను కానుకగా తెచ్చెడివారు.

వంటకు బియ్యము తీయునపుడు పిడికెడు వేరుగా దాచి సంఘమున కిచ్చు వాడుక స్త్రీలదే గదా! దానిని ఉడుతాభక్తి యని తక్కువ చేయరాదు. పిడికిలి చిన్నదే, కాని పూటపూటకు దేవుని, పొరుగువారిని తలంపునకు తెచ్చునది.

మరి నిద్రించు సంఘమును మేల్కొలుపు టెట్లు? నిందించిన లాభము లేదు, పని యొప్పగింపవలెను. “ఎవరైనను చేయుడు” అన్న పనిని ఎవరును చేయరు. “అమ్మా, మంచము పట్టిన ఆ ముసలమ్మను ఈ నెల నీవు చూచి రావమ్మా” అన్నచో కాదనువా రరుదు. చదువు వచ్చినది రాని దానికి అక్షరములు నేర్పవచ్చును. క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలిని పేరు పెట్టి పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనుటయు సేవయే.

నాట్లకు, కోతలకు పోవు స్త్రీలకు పగటి కూటములు పనికిరావు. దీపములు పెట్టిన పిదప కూడుకొనవలెను. సమయము వారికి తగినట్లుంచక, వారికి భక్తి లేదనుట న్యాయము కాదు.

ఇంకొక మాట. చాపలు పరచుటకు, వంట వండుటకు స్త్రీలును, ఆలోచనకు, లెక్కలకు పురుషులును అన్నచోట ఉత్సాహ మెట్లు నిలుచును? 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ భారత సంఘము, 2013లో ఎగ్గోని పుష్పలలితగారిని నంద్యాల మండలమునకు బిషప్పుగా అభిషేకించినది. అట్లుండ పల్లె సంఘపు కమిటీలో స్త్రీకి పీట వేయుటకు సందేహమేల? అయితే పీట కోరువారు బరువును కూడ కోరవలెను.

కావున సోదరీ, ఎవరో పిలుతురని యెదురుచూడకుము. నీ శక్తికి, నీ తీరికకు తగిన పని నొక్కదానిని అడిగి తీసికొనుము. చిన్నదైనను విడువక చేయుము. నీవు చేయుట చూచి నీ బిడ్డలు నేర్తురు.